అమ్మను ముందు అడిగినందుకు కృతజ్ఞతలు

మా అమ్మ విషయంలో సాయపడిన ఇద్దరు మధ్యవర్తులకు, వాళ్ళకు శిక్షణ ఇచ్చినవాళ్ళకు నలుగురి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి మేడమ్, సార్ అనే అంటాను.

నాయన పోయాక అమ్మను వంతులేసుకుని చూసుకుంటున్నాం. కొన్నాళ్ళు చిత్తూరులో పెద్దన్న దగ్గర, కొన్నాళ్ళు తిరుపతి కొర్లగుంటలో చిన్నన్న దగ్గర, కొన్నాళ్ళు పలమనేరులో నా దగ్గర. కొర్లగుంట ఇల్లు అమ్మ చిన్నన్న పేరిట రాసిచ్చింది. ఇల్లు తీసుకున్నోడే చూసుకోవాలని పెద్దన్న, చాకిరీ అంతా మేమే చేస్తున్నామని చిన్నన్న. బంధువులు పంచాయితీ చేసి చెప్పిన తీర్పు నిలవలేదు. చివరికి పెద్దన్న అమ్మ చేత 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టించాడు. విచారణకు ముందే రాజీ ప్రయత్నానికి పంపే వీలు ఆ చట్టంలోనే ఉంది, నెలలోపు ఫలితం చెప్పాలి. వీళ్ళిద్దరూ అట్లా మా ఇంటికొచ్చారు.

మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే అమ్మకు మత్తుగా ఉంటుందని ముందే కనుక్కుని, పొద్దున్నే వచ్చారు. అమ్మకు కుడిచెవి వినపడదు. రెండు మాటలు మాట్లాడేసరికి మేడమ్‌కు అది తెలిసిపోయింది. తన కుర్చీ తానే ఎత్తుకుని ఎడమపక్కకు వచ్చి కూర్చున్నారు. మమ్మల్ని కాసేపు బయటికి వెళ్ళమన్నారు. ఎవరైనా కొడుతున్నారా, అన్నం దగ్గర ఇబ్బంది పెడుతున్నారా, సంతకం బలవంతంగా పెట్టించుకున్నారా అని అడిగారని అమ్మ తర్వాత చెప్పింది. అవునని ఉంటే రాజీ మాట ఆపేసి, కేసు ట్రైబ్యునల్‌కే తిప్పి పంపేవాళ్ళట.

అందరం కూర్చున్నాక పెద్దన్న "అమ్మకు నా దగ్గరే బాగుంటుంది సార్" అనబోయాడు. "ఆ మాట అమ్మనే చెప్పనియ్యండి" అన్నారు సార్, మెల్లగానే. ఆ తర్వాత ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదో! ఆమె తొందరపడకుండా ఉండాలని వాళ్ళు అట్లాగే ఊరుకున్నారు. అప్పుడు అమ్మ అంది: "నన్ను ఎవరు సాకుతారని కాదు నాయనా. ఈ సంచి సర్దే పని ఇంక నా చేత కాదు. మాత్రలు ఒకింట్లో, కళ్ళద్దాలు ఒకింట్లో. ఒకచోట ఉంచండి."

మేము ముగ్గురం డబ్బు గురించి, ఇంటి గురించి కొట్టుకుంటున్నాం. ఈ సంచి గురించి మాలో ఎవరికీ తెలియదు.

చిన్నొదినను కూడా అడిగారు, పొద్దున లేచిన దగ్గర్నుంచి అమ్మతో ఏమేం పనులుంటాయని. ఆమె చెప్తుంటే పెద్దన్న తలెత్తలేదు. పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో కూడా చెప్పింది.

చట్టం సంగతి సార్ దాచకుండా చెప్పారు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రైబ్యునల్ రద్దు చేయగలదు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించగలదు. బెదిరించినట్టు కాకుండా, అందరికీ ఒకే మాటగా చెప్పారు.

చివరికి కుదిరిన రాజీ ఇది: అమ్మ కొర్లగుంటలోనే ఉంటుంది. పెద్దన్న నెలనెలా అమ్మ ఖాతాలో డబ్బు వేస్తాడు. స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేను; నేనొచ్చి ఉన్నన్నాళ్ళు వదిన పుట్టింటికి వెళ్ళొస్తుంది. పింఛను 4,000 అమ్మ చేతిలోనే ఉంటుంది, లెక్క ఎవరూ అడగకూడదు. ఈ చివరిది అమ్మే రాయించింది. ట్రైబ్యునల్ దీని ప్రకారమే ఆర్డరు ఇచ్చింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని మేడమ్‌ను అడిగాను. రిటైరైన టీచరు ఆమె. కోర్టు మధ్యవర్తులకు మామూలుగా 40 గంటల శిక్షణ ఉంటుంది. దానిపైన పెద్దవాళ్ళ గొడవల కోసం ఆమె విడిగా మరో శిక్షణ తీసుకున్నారట. అందులో ఒకరిని తల్లిగా కూర్చోబెట్టి, మిగతావాళ్ళు ఆమె ఎదురుగానే ఆమె గురించి వాదించుకోవాలి. "నేను తల్లిగా కూర్చున్నానమ్మా. కాసేపటికే నేను అక్కడ లేనట్టు అనిపించింది" అన్నారు. ఆ పాఠం పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకు నా నమస్కారం. మా ఇంట్లో ఆ రోజు అమ్మను లెక్కలోకి తీసుకున్నది ఆ పాఠం వల్లే.

మేడమ్, సార్, మీ ఇద్దరికీ మా ముగ్గురి తరఫున, మా వదినల తరఫున కృతజ్ఞతలు. అమ్మ మిమ్మల్ని భోజనానికి రమ్మంటోంది, తప్పకుండా రావాలి.

ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. తిరుపతి, చిత్తూరు వైపు రిటైరైన టీచర్లు, నర్సులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ శిక్షణ ఎక్కడ జరుగుతుందో కనుక్కుని దయచేసి చేరండి. మా వీధిలోనే ఇంకా రెండిళ్ళలో మీ అవసరం ఉంది.