పసిపిల్లల జ్వరానికి మూత్ర పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి 8 నెలల వయసులో వచ్చిన జ్వరం ఏడాదిలోపు మరో 3 సార్లు తిరగబెట్టింది. దగ్గు, జలుబు లేకపోయినా ప్రతిసారీ వైరల్ జ్వరమని యాంటీబయాటిక్ సిరప్పులు రాసిచ్చారే గాని మూత్రం పరీక్షించాలని ఎవరూ అనలేదు. పళ్లు వస్తున్నాయి కదా అని ఇంట్లో మేమూ సరిపెట్టుకున్నాం, ఆ తప్పు మాది. ఐదోసారి వేరొక వైద్యురాలు మూత్రం కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపి, స్కానింగ్ చేయించాక అసలు సంగతి బయటపడింది. పాప ఎడమ కిడ్నీకి రెండు మూత్రనాళాలున్నాయి. పై భాగం నుంచి వచ్చే నాళం చివర మూత్రాశయం లోపల బుడగలా ఉబ్బి, మూత్రానికి అడ్డుపడుతోంది. అలా నిలిచిన మూత్రంలో క్రిములు చేరడం వల్లే జ్వరం తిరగబెడుతోంది. యురెటిరోసీల్ అనే ఈ పుట్టు లోపం ఆడపిల్లల్లోనే ఎక్కువట.

పొట్ట కోస్తారేమోనని హడలిపోయాం. కానీ మత్తు ఇచ్చి, మూత్రద్వారం గుండా సిస్టోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం పంపి, ఆ బుడగకు అడుగున చిన్న రంధ్రం చేశారు. కుట్లు లేవు, మర్నాడే ఇంటికి పంపేశారు. అయితే ఇలా రంధ్రం పెట్టాక కొందరు పిల్లల్లో మూత్రం కిడ్నీ వైపు వెనక్కి ఎగదన్నుతుంది కాబట్టి, పరీక్షలు మానకూడదని గట్టిగా చెప్పారు.

బుడగ లేకుండానే మూత్రం ఇలా వెనక్కి పోయే పిల్లలూ ఉన్నారు. మూత్రనాళం మూత్రాశయం గోడలోంచి ఏటవాలుగా దూరి వస్తుంది గనుక, మూత్రాశయం నిండేకొద్దీ ఆ దారి నొక్కుకుపోవాలి. గోడలోని ఆ భాగం పొట్టిగా ఉంటే అది జరగదు. తీవ్రత తక్కువగా ఉన్న చాలామందిలో వయసుతోపాటు ఇది సర్దుకుంటుంది. సర్దుకోనివారిలో నాళం ముఖద్వారం కింద సిస్టోస్కోప్ ద్వారానే ముద్దలాంటి పదార్థం ఎక్కించి దాన్ని బిగుతు చేసే పద్ధతిని 1984లో డబ్లిన్‌లో ఓడొనెల్, ప్రేమ్ పురి అనే వైద్యులు ప్రచారంలోకి తెచ్చారు. అప్పట్లో వాడిన టెఫ్లాన్ రేణువులు శరీరంలో వేరే అవయవాలకు చేరతాయన్న భయంతో, తర్వాత డెక్స్‌ట్రానోమర్ అనే చక్కెర జాతి పదార్థపు రేణువులున్న జెల్‌కు మారారు. అమెరికాలో దానికి 2001లో అనుమతి దొరికింది. తీవ్రత మరీ ఎక్కువైతే మాత్రం శస్త్రచికిత్సే నమ్మకమైన దారి.

ఇంత సులువైన చికిత్స ఉన్నా, అది అందేలోపే మా పాప కిడ్నీపై మచ్చ పడింది. అది ఇక పోదు. కారణం తెలియని జ్వరంతో వచ్చే ప్రతి పసిబిడ్డకూ ప్రాంతీయ ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్ర పరీక్ష, కల్చర్ చేసేలా రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చర్మానికి సంచి అంటించి పట్టిన మూత్రంలో బయటి క్రిములు కలిసి ఫలితం తప్పుతుంది కాబట్టి, శుభ్రంగా నమూనా తీయడంలో నర్సులకు శిక్షణ కూడా ఇప్పించాలి.

ఇట్లు,
ఒక తాతయ్య, కాకినాడ