మెయిల్ క్లౌడ్‌కు మార్చేముందు డొమైన్ ఎవరి పేరున ఉందో చూసుకోండి

సంపాదకుడు గారికి,

ఆఫీసులోనే పెట్టుకుని మెయిల్ నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లకు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. భద్రతా ప్యాచ్‌లు రాని సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం ప్రమాదం. భీమవరం, తణుకు, కాకినాడ, అమలాపురాల్లో రొయ్యల ఎగుమతిదారులు, రైస్ మిల్లులు, నర్సింగ్ హోములు ఇంకా పాత సర్వర్ల మీదే ఉంటే మెయిల్‌నూ ఆన్‌లైన్ మీటింగులనూ క్లౌడ్‌కు, అంటే పెద్ద కంపెనీలు ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్లకు, మార్చుకోవాల్సిందే. అయితే మాటంతా గూగుల్‌దా, మైక్రోసాఫ్ట్‌దా, తలకు నెలకెంత అన్న బేరం దగ్గరే ఆగిపోతోంది. ఏది తీసుకున్నా పని సాగుతుంది. చెడేది మరోచోట.

అన్నిటికంటే ముందు డొమైన్. కంపెనీ పేరున ఉన్న వెబ్ అడ్రసును ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు తన ఖాతాలోనే కొని ఉండొచ్చు. అతను ఊరు మారితే డొమైన్ రికార్డుల్లో (మెయిల్, వెబ్‌సైట్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే సెట్టింగులు) ఒక్కటి కూడా మార్చలేం. ఇంకో చిక్కు ఉంది. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) దగ్గర ఇచ్చిన మెయిల్ అదే డొమైన్‌దైతే, మెయిల్ ఆగిన రోజున పాస్‌వర్డు మార్చుకునే ఓటీపీ కూడా ఆగిపోయిన ఆ మెయిల్‌కే వస్తుంది. అందుకే ఖాతాను యజమాని పేరుకు మార్పించుకుని, బయటి మెయిల్ ఒకటి, యజమాని ఫోను నంబరు అందులో పెట్టించాకే మిగతా పని ఎత్తుకోవాలి.

తర్వాత పాత మెయిళ్లు. గుమస్తాగారి కంప్యూటర్లో ఔట్‌లుక్‌ను పీఓపీ3 పద్ధతిలో పెట్టి ఉంటే, మెయిళ్లు అందులోకి దిగి సర్వర్‌లో చెరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు ఏళ్లనాటి బిల్ ఆఫ్ లేడింగ్‌లు (ఓడ సరుకు రసీదులు), విదేశీ కొనుగోలుదారుల ఉత్తరాలు ఆ కంప్యూటర్లో ఔట్‌లుక్ దాచుకునే ఒక్క పీఎస్‌టీ ఫైల్లోనే మిగులుతాయి. సర్వర్ నుంచి సర్వర్‌కు ఎంత కాపీ చేసినా అవి రావు. ఔట్‌లుక్ మూసి, ఆ ఫైలును వేరే హార్డ్ డిస్కులోకి తీసుకుని, ఆ కాపీ నుంచే ఎక్కించాలి. 40 జీబీ ఫైలు 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద, లైనంతా దానికే వదిలేసినా, దాదాపు 9 గంటలు తీసుకుంటుంది. సర్వర్‌లోని మెయిళ్లను మాత్రమే కాపీ చేసే ఐమాప్ పద్ధతితో మారిస్తే క్యాలెండరు, కాంటాక్టులు రావు. వాటిని విడిగా చూసుకోవాలి.

మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు టీటీఎల్‌ను (ఆ అడ్రసును ఇతర సర్వర్లు గుర్తుపెట్టుకునే గడువు) రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించి, శనివారం సాయంత్రం ఆఫీసు మూశాక మెయిల్ మళ్లించాలి. ఆలస్యంగా పాత దారినే పోయే మెయిళ్లు ఉంటాయి కాబట్టి పాత సర్వర్‌ను కనీసం వారం కట్టేయకూడదు. మన పేరున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైనుకు ఒక్కటే ఉండాలి. పాతది తీయకుండా పక్కన కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు. మెయిల్ మనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం డీకిమ్ పెట్టడం మరిచిపోతే అమెరికా కొనుగోలుదారుకు పంపిన ఇన్వాయిస్ స్పామ్‌లో పడొచ్చు. ఇక్కడ మాత్రం వెళ్లినట్టే కనిపిస్తుంది. ఈ రెండు పరీక్షలూ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) మీద ఉంచి, మూడు వారాలు రిపోర్టులు చూశాక బిగించాలి.

సోమవారం పొద్దున్నే మొరాయించేది జిరాక్సు మెషిన్. కాటా చీటీని స్కాన్ చేసి మెయిల్‌కు పంపే సెట్టింగులో ఇంకా పాత సర్వర్ అడ్రసే ఉంటుంది. బిల్లులు పంపే ట్యాలీలోనూ అంతే. ఉత్త పాస్‌వర్డుతో మెయిల్ పంపనివ్వడం క్లౌడ్ సేవలు మానేస్తున్నాయి. మెయిల్ పంపే ప్రతి యంత్రాన్నీ ముందే జాబితా రాసుకుని, యాప్ పాస్‌వర్డో (ఆ యంత్రానికే ఇచ్చే విడి పాస్‌వర్డు) రిలేనో (యంత్రాల మెయిల్‌ను అందుకుని పంపిపెట్టే సర్వర్) సిద్ధం చేసుకోవాలి.

మీటింగుల సంగతికొస్తే, '100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉందిగా' అన్న ధీమా పనికిరాదు. మాటకు 100 కేబీపీఎస్ చాలు, హెచ్‌డీ వీడియోకు ఒకటిన్నర ఎంబీపీఎస్ చాలు. డేటా ముక్కలు (ప్యాకెట్లు) నూటికి ఒకటి మించి దారిలో తప్పిపోతున్నా, జిట్టర్ (అవి చేరే సమయంలో తేడా) 30 మిల్లీసెకన్లు దాటుతున్నా గొంతు తెగుతుంది. మైక్రోసాఫ్ట్ మీటింగ్ యాప్ టీమ్స్‌కు యూడీపీ 3478 నుంచి 3481 దాకా పోర్టులు (డేటా వెళ్లే ద్వారాలు) నెట్ రాకపోకలను కాపలా కాసే ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి. అవి మూసి ఉంటే కాల్ మామూలు వెబ్ పోర్టు 443 మీదకు మళ్లుతుంది, కలుస్తుంది, కానీ మాట నలుగుతుంది. మీటింగ్ గదికి వైఫై కాకుండా కేబుల్ లాగాలి. సీసీ కెమెరాల అప్‌లోడ్‌కు రౌటర్లో హద్దు పెట్టాలి.

ఈ డెల్టాకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఫైబర్ చాలా చోట్ల కాలువ గట్ల వెంట కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నా రెండూ ఒకే వరస స్తంభాల మీద ఉంటే అవి ఒక్క లైనుతో సమానం. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా లాంటి తుపానులో రెండూ కలిసే తెగుతాయి. రెండో దారి సిమ్ వేసిన రౌటర్ కావాలి. ఫైబర్ డబ్బా సాధారణంగా 12 వోల్టుల మీద నడుస్తుంది. కంప్యూటర్లకు యూపీఎస్ పెట్టి దాన్ని మరిచిపోతే కరెంటు పోగానే మీటింగూ పోతుంది. సెల్ టవర్లూ ఆగే రోజు కోసం సిబ్బంది, కొనుగోలుదారుల నంబర్లు కాగితం మీద ఉండాలి. తుపాన్ల అక్టోబరు, నవంబర్లలోనూ, మిల్లులకు దాళ్వా (రబీ) ధాన్యం దిగే రోజుల్లోనూ ఈ మార్పు పెట్టుకోవద్దు. జూన్, జూలై మేలు.

వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న ఆఫీసు పనిని కూడా ఇదే ఊపులో ఆఫీసు చాట్‌లోకి తేవాలి. గుమస్తా ఉద్యోగం మానితే ఫోనుతోపాటు ఆర్డర్ల చరిత్రా వెళ్లిపోతుంది.

కేబుల్ వేసే సంస్థలకు ఒక విన్నపం: ఏ లైను ఏ దారిన వస్తోందో అడిగిన కార్యాలయానికి రాసివ్వండి. యజమానులకు ఒకటి: డొమైన్ ఖాతా, మెయిల్ సేవ మొత్తాన్ని నడిపే అడ్మిన్ ఖాతాలు రెండు, డొమైన్ రికార్డుల (డీఎన్ఎస్) నకలు, పీఎస్‌టీ కాపీలున్న డిస్కు, ఈ నాలుగూ సంతకంతో చేతికి వచ్చాకే ఈ మార్పు చేసిన ఏజెన్సీకి చివరి వాయిదా చెల్లించండి.

ఇట్లు,
ఆఫీసు నెట్‌వర్క్ పనులు చేసే ఒక పాఠకుడు,
భీమవరం