తప్పిపోయిన బిడ్డ, కథల్లో తల్లి

సంపాదకుడు గారికి,

ఆదివారం అనుబంధంలోని కథలు వదలకుండా చదువుతాను. ఒక్కటే ఫిర్యాదు. బిడ్డ తప్పిపోయిన కథ అనగానే తల్లి స్పృహ తప్పుతుంది, లేదా మతి చలిస్తుంది. ఆమె కన్నీళ్లే తప్ప చేతులు కనిపించవా మన రచయితలకు?

చావుకైతే ఒక ముగింపు ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. మనస్తత్వ పరిశోధకురాలు పౌలీన్ బాస్ 1970లలో దీనికి ‘అస్పష్టమైన నష్టం’ అని పేరు పెట్టారు. ఆశ వదిలితే బిడ్డకు ద్రోహం చేసినట్టు, వదలకపోతే బతుకు ఆగిపోయినట్టు. కాబట్టి ఆ తల్లి దుఃఖం చిన్న చిన్న పనుల్లో దాక్కుంటుంది. ఫోను నంబరు మార్చదు. ఇల్లు మారదు. బిడ్డకు ఇప్పుడెన్నేళ్లో లెక్కగట్టి పెద్ద కొలత చొక్కా కొంటుంది. దగ్గరున్న బిడ్డకు ఊపిరాడనంతగా కాపలా కాస్తుంది, ఒక్కోసారి నువ్వెందుకు మిగిలావన్నట్టు చూస్తుంది కూడా. ఈ చివరిది రాయడానికి ధైర్యం కావాలి.

గ్రీకు పురాణంలో కూతురు మాయమైన డిమీటర్ దేవత తొమ్మిది రోజులు అన్నపానాలు మాని, కాగడాలు పట్టుకుని వెతికింది. నన్ను పట్టేసింది ఆ తర్వాతి ఘట్టం. ముసలి దాదిగా పరాయి ఇంట చేరి, వాళ్ల పసివాణ్ణి అమరుణ్ణి చేయాలని రాత్రిళ్లు నిప్పుల్లో ఉంచుతుంది. ఇంకో బిడ్డ పోకుండా చూసుకోవాలన్న ఆ పిచ్చి తపన రెండున్నర వేల ఏళ్ల కిందటి కవికి తట్టింది!

అన్నట్టు, బిడ్డ తిరిగొచ్చిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పే కథ దొరికితే దయచేసి వేయండి. కౌగిలింతతో ఆగిపోయేవి చాలా చదివాను.

- ఒక పాఠకురాలు