కేజ్ కార్డు చూశావా, బుజ్జీ?

బుజ్జీ,

ఆదివారం ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నీ గొంతే చెవిలో ఉంది. ఎలుకల నుంచి అర్ధరాత్రి తీసిన శాంపిళ్ళలో కూడా, రాత్రి పూట పెరగాల్సిన మెలటోనిన్ హార్మోను సున్నా వచ్చిందని, నీకింకా చెయ్యి తిరగలేదని మీ గైడ్ అన్నారని చెబుతూ ఏడ్చేశావు. అప్పుడు నిన్ను ఊరుకోబెట్టడంతోనే సరిపోయింది. అడగాల్సింది అడగలేదు. నాకు నీలా పెద్ద చదువులు లేవు కానీ ఇరవై ఆరేళ్ళు యానిమల్ హౌస్‌లో ఎలుకల మధ్యే గడిపాను. ఆ గదుల సంగతి తెలుసు. అందుకే రాస్తున్నాను.

ముందు చెప్పు, ఎలుకల పంజరానికి తగిలించే కేజ్ కార్డు మీద ఏ రకమని రాసి ఉంది? నల్ల చిట్టెలుకలా? సీ57 బ్లాక్ 6 అనే రకం అయితే నీ చేతిలో తప్పేమీ లేదమ్మా. మెలటోనిన్ తయారుచేసేది తలలో ఉండే పీనియల్ గ్రంథి కదా, వీటిలో అక్కడ అది దాదాపు తయారే కాదు. ఎబిహారా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1986లోనే ఈ సంగతి చెప్పారు. సెరొటోనిన్‌ని మెలటోనిన్ దారి పట్టించే ఎంజైము ఉంది కదా, ఏఏనాట్, దాని జన్యువులోనే వీటికి ఒక మార్పు ఉందని 1998లో తేలింది. అన్ని ల్యాబుల్లోనూ ఎక్కువగా కనిపించేది ఈ రకమే. మెలటోనిన్ కొలవాలంటే సీ3హెచ్, సీబీఏ లాంటి వేరే చిట్టెలుక రకాలు తెప్పించాలి. అయితే సీ3హెచ్ వాటికి కంట్లో చూపుకి పనికొచ్చే రాడ్ కణాలు చిన్నప్పుడే చచ్చిపోతాయి. అవి గుడ్డివే. అయినా వెలుతురు వాటి ఒంట్లో ఉన్న పగలు-రాత్రి గడియారాన్ని సరిచేస్తూనే ఉంటుంది. రెటీనాలో వెలుతురుని పసిగట్టే మెలనాప్సిన్ అనే ప్రొటీన్ ఉన్న కొన్ని కణాలు మిగిలే ఉంటాయి, ఆ కబురు మోసేది అవే.

కార్డు మీద విస్టార్ అనో, స్ప్రేగ్ డాలీ అనో పెద్ద ఎలుకల రకం పేరు ఉంటే వేరే సంగతి. అప్పుడు గదిని అనుమానించాలి.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ఏదో కేజ్‌లో నీళ్ళ సీసా కారుతున్న చప్పుడు వినిపించింది. పిల్లలు తడిసిపోతాయని గబగబా లోపలికెళ్ళి ట్యూబ్‌లైటు వేశాను. సీసా మార్చి ఆర్పేశాను. రెండు నిమిషాలు పట్టిందేమో. అదే రాత్రి ఒక స్టూడెంట్ ఆ గది ఎలుకల నుంచి శాంపిళ్ళు తీసుకుంది. అన్నీ పట్టపగలు తీసినవాటిలా వచ్చాయి. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఎందుకో నాకు అర్థం కాలేదు. తెలిశాక అన్నం సయించలేదు. వెళ్ళి ఒప్పుకున్నాను. అక్కడి పెద్ద సైంటిస్టు ఒకాయన నన్ను తిట్టలేదు, ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసి చూపించారు. ఇప్పుడు నీకు రాస్తున్నది చాలావరకు ఆయన పెట్టిన భిక్షే.

ఎలుక పీనియల్ ఒక మిల్లీగ్రాము బరువుంటుంది, అంతే. పుర్రె కిందే ఉంటుంది. పై ఎముక ఎత్తితే ఒక్కోసారి దానికే అంటుకుని వచ్చేస్తుంది, చూసుకో. అది తలలోనే ఉన్నా దానికి చీకటి కబురు తిన్నగా రాదు. కంటి నుంచి హైపోథాలమస్‌లో ఉన్న గడియారానికి, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్‌కి, అక్కడి నుంచి వెన్నుపాములోకి దిగి, మెడలో ఉన్న నరాల ముడికి వచ్చి, మళ్ళీ పైకెక్కి పీనియల్‌ని చేరుతుంది. పక్క గదిలోవాళ్ళకి చెప్పాల్సిన మాట ఊరంతా తిరిగొచ్చినట్టు! మెడలో ఆ ముడి తీసేస్తే రాత్రి పూట మెలటోనిన్ పెరగదు. రాత్రి ఆ నరాల చివర్ల నుంచి నారడ్రెనలిన్ వస్తుంది. దాంతో పీనియల్ కణాల్లో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ఏఏనాట్ తయారవుతుంది. ఎలుకలో ఆ ఎంజైము పగటి కంటే రాత్రి వంద రెట్లకు పైగా పెరుగుతుంది.

లైటు ఆరగానే పెరగదు, అది గుర్తుంచుకో. ఎలుకలో ముందు ఆ జన్యువు నకలు, ఎంఆర్ఎన్ఏ పుట్టాలి, తర్వాత ఎంజైము. కొన్ని గంటలు పడుతుంది. గొర్రెల్లో పగలు కూడా ఎంఆర్ఎన్ఏ సిద్ధంగా ఉంటుంది కాబట్టి చీకటి పడగానే పెరిగిపోతుంది. నువ్వు చీకటైన గంటకే శాంపిల్ తీస్తే ఏమీ దొరకదు.

పెరగడానికి గంటలు పడితే, పోవడానికి నిమిషాలు చాలు. అమెరికాలో క్లైన్, వెల్లర్ 1972లో చూపించారు. రాత్రి వెలుతురు తగిలితే ఎలుక పీనియల్‌లో ఆ ఎంజైము మూడు నిమిషాలకి అటూ ఇటూగా సగమవుతూ పోతుంది. 1979లో ప్రాగ్‌లో ఇల్నెరోవా, వానెచెక్ ఒక్క నిమిషం వెలుతురు కూడా చాలని చెప్పారు. పైగా పీనియల్ మెలటోనిన్‌ని దాచుకోదు, తయారైంది తయారైనట్టే రక్తంలోకి వదిలేస్తుంది. నా రెండు నిమిషాల ట్యూబ్‌లైటు ఆ అమ్మాయి రాత్రి పడ్డ కష్టాన్నంతా ఎలా తుడిచేసిందో ఇప్పుడర్థమైందా?

కాబట్టి మీ గదిలోకి వెళ్ళి లైట్లన్నీ ఆర్పి ఒక ఇరవై నిమిషాలు ఊరికే కూర్చో. కళ్ళు చీకటికి అలవాటయ్యాక అన్నీ బయటపడతాయి. తలుపు కింద సందు, ఏసీ మీద చిన్న లైటు, కారిడార్ నుంచి వచ్చే వెలుతురు గీత. టైమర్‌ని నమ్మకు, రాత్రి స్వయంగా వెళ్ళి చూడు. కరెంటు పోయి వస్తే కొన్ని టైమర్లు వెనకబడతాయి. ఎర్ర లైటు ఎలుకకి బాగా తక్కువ తగులుతుంది కానీ అసలు తగలదని కాదు. మసకగా పెట్టుకో, శాంపిల్ తీసే కాసేపే వాడు.

అందరూ మెలటోనిన్‌ని నిద్ర హార్మోను అంటుంటే నాకు బాధేస్తుంది. ఎలుకలు రాత్రంతా పరుగులు పెడుతూనే ఉంటాయి, వాటికీ మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది. ఎంత పొడుగు రాత్రి అన్నదే అది ఒంటికి చెప్పే మాట. హామ్‌స్టర్లలో ఇంకా బాగా కనిపిస్తుంది. పగళ్ళు కురచబడితే మగ హామ్‌స్టర్ల వృషణాలు కుంచించుకుపోతాయి. పీనియల్ తీసేస్తే అలా జరగదని 1965లో హాఫ్‌మన్, రైటర్ చూపించారు. సైబీరియా హామ్‌స్టర్ అయితే చలికాలానికి తెల్ల బొచ్చు కూడా వేసుకుంటుంది. బియ్యపుగింజంత కూడా లేని ముద్ద ఋతువుని లెక్కపెట్టడం! ఇన్నేళ్ళయినా నాకు ఆశ్చర్యం తగ్గలేదు.

మీ గైడ్‌తో వాదన పెట్టుకోకు. కార్డు చూపించి, "సర్, ఈ రకంలో మెలటోనిన్ వస్తుందంటారా?" అని నెమ్మదిగా అడుగు, చాలు. రేపు వెళ్ళగానే ఆ కార్డు ఫోటో తీసి నాకు పంపు. ఫోన్ దగ్గరే పెట్టుకుని ఉంటాను.

అమ్మ