ల్యుకేమియా రోగి కేర్ ప్లాన్‌కు ఆధారం రోగి పరిశీలనే

సంపాదకుల వారికి,

నర్సింగ్ విద్యార్థులు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి రాసే కేర్ ప్లాన్లు, అంటే సంరక్షణ ప్రణాళికలు, చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి. జబ్బు పేరు చూడగానే ఇన్ఫెక్షన్ ముప్పు, రక్తస్రావ ముప్పు, నీరసం, ఆందోళన అని వరసగా రాసేస్తున్నారు. ఇవి తప్పని అనను. కానీ రోగిని చూడకముందే రాయగలిగిన నర్సింగ్ డయాగ్నోసిస్ ఆ రోగికి ఏ మేరకు ఉపయోగపడుతుంది?

జబ్బును నిర్ధారించేది వైద్యులు. ఆ జబ్బు వల్లనో చికిత్స వల్లనో రోగి పడుతున్న, నర్సు తన పరిధిలో చూసుకోగలిగిన ఇబ్బందిని చెప్పేది నర్సింగ్ డయాగ్నోసిస్. కాబట్టి కారణం దగ్గర ‘ల్యుకేమియా వల్ల’ అని రాసి ఊరుకుంటే చాలదు. కీమోథెరపీ తర్వాత న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 500 కంటే తగ్గాయని రాస్తే, చేతుల శుభ్రత మొదలుకొని జ్వరం చూడడం దాకా చేయవలసిన పనులు అందులోంచే తేలతాయి. అలాంటి రోగిలో చీము, వాపు, ఎరుపు అంతగా కనిపించవు గనుక చాలాసార్లు జ్వరమే ఏకైక సూచన. ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ చూపినా, 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా వెంటనే వైద్యులకు తెలపాలి. గంటలోపే యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఇన్ఫెక్షన్ లక్షణాలు బయటపడ్డాక కూడా ‘ముప్పు’ అనే రాస్తున్న ప్లాన్లు నన్ను నిజంగా కలవరపెడుతున్నాయి. ముప్పుకు కారకాలు మాత్రమే ఉంటాయి, లక్షణాలు ఉండవు.

ప్రాధాన్య క్రమమూ రోజురోజుకీ మారాలి. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) మైక్రోలీటరుకు 10,000 కంటే తక్కువకు పడిపోయి చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న రోజున రక్తస్రావమే ముందుండాలి: మెత్తని బ్రష్ వాడించడం, కండరానికి ఇంజెక్షన్, మలద్వారంలో థర్మామీటర్ మానేయడం, తలనొప్పి గానీ మగత గానీ వస్తే ఆలస్యం చేయకుండా చెప్పడం. కొన్నాళ్లకు ప్లేట్‌లెట్లు కోలుకున్నా, నోటిపూతతో గుటక పడక తినడం మానేస్తే అది ముందుకు రావాలి. అలాగే ‘మళ్లీ ఎముక మజ్జ తీస్తారా’ అని రాత్రంతా అడిగిన రోగికి ‘ఆందోళన’ అన్న మాట చాలా పలచన. ఆ పరీక్ష నొప్పి గురించిన భయమని రాస్తేనే ఎవరు, ఎప్పుడు, ఏం వివరించాలో తెలుస్తుంది.

కేర్ ప్లాన్లు దిద్దే అధ్యాపకులు ప్రతి డయాగ్నోసిస్ దగ్గరా ఆగి, ఆ రోజు రోగిలో ఏం చూసి అది రాశారో విద్యార్థిని అడగాలి. జవాబు రాకపోతే మళ్లీ రోగి దగ్గరికి పంపాలని మనవి.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు