‘మనవాడు’ గెలిచాడు సరే, ఎవరి ఓట్లతో?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఎన్నికలు అయినప్పుడల్లా మీరు మొదటి పేజీలో గెలిచిన భారత సంతతి వాళ్ల ఫోటోలు వరసగా వేస్తారు. కింద వాళ్ల తాతగారి ఊరు, ఎండాకాలం సెలవుల్లో వచ్చి ఉండివెళ్లిన ఇల్లు, ఆ ఊళ్లో స్వీట్లు పంచుకున్న చుట్టాలు. చదవడానికి బాగానే ఉంటుంది, నేనూ వదలకుండా చదువుతాను. కానీ ఆ మనిషికి ఓటేసింది ఎవరు, ఏం కావాలని వేశారు అన్న ముక్క మాత్రం ఎక్కడా కనబడదు. నా గొడవంతా దాని గురించే.

ఈ వరసలో, అంటే అమెరికా పార్లమెంటుకి గెలిచిన భారత సంతతి వాళ్లలో, మొట్టమొదటి మనిషి దలీప్ సింగ్ సౌంద్. మా కాలనీలో పొద్దున్నే నాతో వాకింగ్‌కి వచ్చే వాళ్లని అడిగాను, ఒక్కరికీ తెలియదు, పిల్లలు మాత్రం అందరికీ అక్కడే ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి ఆయన మీద నాకు కాస్త పక్షపాతం ఉందనుకోండి, ఎందుకంటే ఆయనా లెక్కల మనిషే. అమృత్‌సర్ జిల్లాలో 1899లో పుట్టి, 1920లో పండ్లు, కూరగాయలు నిల్వచేసే విద్య నేర్చుకుందామని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్కిలీ యూనివర్సిటీకి వెళ్లి, స్టాక్టన్ గురుద్వారా వాళ్లు నడిపే వసతింట్లో ఉంటూ, దారి మళ్లి లెక్కల్లో ఎం.ఎ., 1924లో పీహెచ్‌డీ చేశాడు. ఆ చదువుకి దొరికిన పని ఏమిటో తెలుసా? అదే రాష్ట్రంలో ఇంపీరియల్ వ్యాలీ అనే సాగు ప్రాంతంలో పత్తి తీసే కూలీల మీద మేస్త్రీ! పత్తి చేలు చూసిన మా నరసరావుపేట వాళ్లకి ఆ పని ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

చదువు తక్కువై కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, చట్టం చెప్పే ‘తెల్లవాళ్ల’ లెక్కలోకి భారతీయులు రారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అని తేల్చేసింది. ఆ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, అయినా లాభం లేకపోయింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లలో చాలామందికి కూడా వెనక్కి లాగేసుకున్నారు. పౌరుడు కాలేనివాడు కాలిఫోర్నియాలో పొలం కొనకూడదని ఇంకో చట్టం. సౌంద్ కౌలు చేశాడు, వేరేవాళ్ల పేర్ల మీద. పెద్ద మాంద్యంలో నిండా మునిగి కూడా ఐపీ పెట్టకుండా ఏళ్ల తరబడి అప్పులు తీర్చుకొచ్చాడు.

ఇప్పుడు మన పిల్లలు గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్లూ పదిహేనేళ్లూ ఉంటున్నారని ఇళ్లలో ఎంత టెన్షనో నాకు తెలుసు, మా అబ్బాయీ అందులోనే ఉన్నాడు. సౌంద్‌కి అసలు క్యూనే లేదు. కాబట్టి ముందు క్యూ పెట్టించడానికి తిరిగాడు. 1940ల్లో తోటివాళ్లని కూడగట్టి సంఘం పెట్టి, 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా విడిచిపెట్టలేదు. ఆ చట్టం భారతదేశం మొత్తానికీ ఇచ్చింది ఏడాదికి 100 మంది కోటా, అంతే, కానీ అక్కడున్నవాళ్లకి పౌరసత్వం దారి తెరిచింది. 1949 డిసెంబర్లో ఆయన పౌరుడయ్యాడు.

ఇక్కణ్ణించే నేను చెప్పదలుచుకున్న సంగతి. మరుసటి ఏడే వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్లో జడ్జి పదవికి నిలబడి గెలిచాడు (చిన్న కేసులు చూసే జడ్జి, అక్కడ ఓట్లేసి ఎన్నుకుంటారు). పౌరుడై ఏడాది నిండలేదని కుర్చీ ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి మళ్లీ గెలిచాడు. అప్పుడు ఒకడు, నీ కోర్టుకి రావాలంటే తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని ఎకసెక్కెం చేస్తే, నెత్తిమీద ఏముందో నాకెందుకు, నెత్తిలోపల ఏముందో చాలు అన్నాడట. జడ్జిగా ఊళ్లో జూదం, వ్యభిచారం అడ్డాలు మూయించాడు.

1956లో కాంగ్రెస్‌కి, అంటే వాళ్ల పార్లమెంటు దిగువ సభకి పోటీ. ఏడేళ్లు పౌరుడై ఉండాలని రాజ్యాంగం, ఈయనకి ప్రమాణ స్వీకారం నాటికి ఏడేళ్లూ కొన్ని వారాలు, లెక్క సరిపోయింది. అవతల ఎవరనుకున్నారు? జాక్వెలిన్ కోక్రన్, ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ, మొగుడు కోటీశ్వరుడు, సొంత విమానంలో ప్రచారం. ఈయనా, భార్యాపిల్లలూ ఇంటింటికీ తిరిగారు. అటు అధ్యక్షుడిగా రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ బ్రహ్మాండంగా గెలిచిన రోజే, డెమోక్రాట్ సౌంద్ ఇక్కడ గెలిచాడు. మా పల్నాడుకి సాగర్ కాలువ ఎలాగో, కొలరాడో నది కాలువ నీళ్లు రాకపోతే ఆ ఇంపీరియల్ వ్యాలీ అలా ఎడారే. అక్కడ పాతికేళ్లు సేద్యం చేసి మునిగి తేలినవాడికి నీళ్ల సంగతీ రైతు సంగతీ ఒకరు చెప్పాలా? ఆయన నియోజకవర్గంలో ఉన్న ఇంపీరియల్, రివర్‌సైడ్ జిల్లాలు రెంటిలోనూ భారతీయుల ఓట్లు గుప్పెడు కూడా ఉండవు. ఓటేసినవాళ్లకి ఆయన ‘భారత సంతతి’ కాదు, పక్క చేను రైతు.

మూడుసార్లు గెలిచాడు. 1962లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఆసుపత్రి మంచం మీద ఉండి ఎన్నిక ఓడిపోయాడు. ఆయన సీటు ఖాళీ చేశాక భారత సంతతి మనిషి ఇంకొకరు ఆ సభలోకి రావడానికి 2005 దాకా, అంటే 42 ఏళ్లు పట్టింది.

రెండేళ్లకోసారి వచ్చే ఎన్నికలే కదా, మళ్లీ ఫోటోలు వేస్తారు. ఈసారి ఒక్కో ఫోటో కింద ఆ నియోజకవర్గం ఎక్కడుంది, అక్కడి జనం ఏ పనులు చేసి బతుకుతారు, ఈ మనిషి వాళ్లకి ఏం చేస్తానన్నాడు, ఓ మూడు లైన్లు మీ విలేకరుల చేత రాయించండి. చోటు చాలకపోతే స్వీట్ల ఫోటో తీసేయండి.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, నరసరావుపేట