మీ ఉమ్మడి డైరెక్టరీల అనుమతుల్లో చేస్తున్న మార్పులు

మా లినక్స్ సర్వర్లలో బృందాలుగా పనిచేస్తున్న ఖాతాదారులందరికీ నమస్కారం.

ఒకరు తయారుచేసిన ఫైలును అదే బృందంలోని మరొకరు మార్చలేకపోతున్నారన్న ఫిర్యాదు మాకు తరచుగా అందుతోంది. దాని వెంటే, ఆ డైరెక్టరీకి 777 (అంటే అందరికీ చదివే, రాసే, ప్రవేశించే అనుమతి) పెట్టేయమన్న కోరికా వస్తోంది. ఆ కోరికను ఇకపై మన్నించలేమని స్పష్టంగా తెలియజేస్తున్నాము. ఫైలును తొలగించే హక్కు ఆ ఫైలు అనుమతులను బట్టి కాక, అది ఉన్న డైరెక్టరీలో రాసే అనుమతిని బట్టి వస్తుంది కనుక, 777 ఉన్న చోటికి చేరగలిగిన ఏ యూజరుకైనా, పరుల చేతిలో పడిన వెబ్ ప్రోగ్రాముకైనా, మీ పనిని చెరిపివేయడం సాధ్యమవుతుంది. పైగా అసలు సమస్య తీరదు: అందులో పుట్టే కొత్త ఫైలు యథాప్రకారం సృష్టించినవారి సొంత గ్రూపుతో, సాధారణంగా 644 అనుమతితోనే (యజమాని రాయగలరు, మిగతావారు చదవగలరు) ఉంటుంది.

అందువల్ల ప్రతి బృందానికీ ఒక గ్రూపును ఏర్పరచి, డైరెక్టరీని ఆ గ్రూపుకు అప్పగించి, 2770 అనుమతి ఇస్తున్నాము. ఇందులో 770 అంటే యజమానికీ గ్రూపుకూ పూర్తి అనుమతి, ఇతరులకు ఏమీ లేదు. మొదటి అంకె 2 సెట్‌జిడ్ బిట్‌ను సూచిస్తుంది. దానివల్ల లోపల సృష్టించే ఫైళ్లకు డైరెక్టరీ గ్రూపే వస్తుంది, ఉపడైరెక్టరీలకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది. యునిక్స్ కుటుంబానికే చెందిన బీఎస్‌డీ వ్యవస్థల్లో ఈ బిట్ లేకున్నా గ్రూపు ఇలాగే వస్తుంది కాబట్టి, వాటికి అలవాటుపడినవారికి లినక్స్ తీరు వింతగా తోచవచ్చు.

గ్రూపు సరిపడినంత మాత్రాన పని పూర్తికాదు. కొత్త ఫైళ్ల నుంచి ఏ అనుమతులు తీసివేయాలో చెప్పే అమరిక, అంటే యుమాస్క్, 022 గా ఉన్నంతకాలం కొత్త ఫైళ్లలో గ్రూపుకు రాసే అనుమతి తొలగిపోతూనే ఉంటుంది. దానిని 002 చేయవచ్చు గాని, అది డైరెక్టరీకి కాక ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు) చెందిన అమరిక కనుక, ఒక్క సభ్యుని షెల్‌లోనో, నిర్ణీత సమయాల్లో దానంతటదే నడిచే ఒక్క క్రాన్ పనిలోనో పాత విలువ మిగిలినా ఇబ్బంది మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే డైరెక్టరీలకే డిఫాల్ట్ ఏసీఎల్ (లోపల పుట్టే ఫైళ్లకు వర్తించే అనుమతుల జాబితా) పెడుతున్నాము. అది ఉన్నచోట యుమాస్క్ లెక్కలోకి రాదు.

దీనితో అన్నీ చక్కబడతాయని మాత్రం హామీ ఇవ్వలేము. మరోచోటి నుంచి ఎంవీ (mv) ఆదేశంతో తరలించి తెచ్చిన ఫైలు తన పాత గ్రూపుతో, పాత అనుమతులతోనే వస్తుంది. సీపీ (cp) ఆదేశంతో కాపీ చేస్తే ఇక్కడి గ్రూపు వస్తుంది గాని, మూల ఫైలులో గ్రూపుకు లేని రాసే అనుమతి కొత్తగా రాదు. తన ఫైళ్లను 600 తో (యజమానికి మాత్రమే చదివే, రాసే అనుమతితో) సృష్టించే ప్రోగ్రాము విషయంలోనూ ఏసీఎల్ అంతకు మించి అనుమతించదు. ఇటువంటి ఫైళ్లు ఎదురైతే వాటి యజమానే గ్రూపును, అనుమతులను సరిచేయవలసి ఉంటుంది.

గ్రూపులో కొత్తగా చేర్చిన సభ్యులు ఒకసారి లాగౌట్ అయి తిరిగి లాగిన్ కావాలి. హోమ్ డైరెక్టరీల జోలికి మేము వెళ్లము. వాటిలో గ్రూపుకు రాసే అనుమతి ఇస్తే దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు సహజ అమరికలో మీ లాగిన్ కీని తిరస్కరిస్తుంది. ఒకరి ఫైళ్లను తోటి సభ్యులు తొలగించకుండా ఉండాలని కోరుకునే బృందాలు మాకు తెలియజేస్తే, స్టికీ బిట్ కూడా కలిపి 3770 పెడతాము.